జిప్సీని తుక్కుకు వేయమనేవారికి

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొంటానని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లందరి నుంచీ ఒకటే మాట వస్తుంది. బూడిదలో పన్నీరు పోసుకోకు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్త థార్ వస్తుంది, జిమ్నీ వస్తుంది. పాతదానికి ఎంత పెట్టినా పాతదే. స్పేర్లు దొరకవు, దారిలో ఆగిపోతుంది, రేపో మాపో ప్రభుత్వమే తీసుకెళ్లి తుక్కులో వేస్తుంది. ఈ మాట ఎంత బలంగా పాతుకుపోయిందంటే, పాత బండ్లు బాగుచేసి బతికే షెడ్డుల్లోని కుర్రాళ్లు కూడా వచ్చినవాళ్లతో ఇదే అంటున్నారు: “అన్నా, వదిలేసి కొత్తది తీసుకో.”

నేను ఈ మాటను ఒప్పుకోను. పాత బండి డబ్బు తినదు. తప్పు వరసలో చేయించిన పని డబ్బు తింటుంది. ఈ రెండింటికీ తేడా చూడకపోవడం వల్ల ఇంకో ఇరవై ఏళ్లు హాయిగా తిరగగల బండ్లు కాటాకి వెళ్లిపోతున్నాయి, వాటిని బాగుచేయగల చేతులు పని లేక వేరే దారి చూసుకుంటున్నాయి.

ఊరికే గాలిలో మాట్లాడకుండా ఒక బండిని ముందు పెట్టుకుందాం. మారుతి జిప్సీ. 1985 చివర్లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అప్పుడు 970 సీసీ పెట్రోల్ ఇంజను, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో జిప్సీ కింగ్ పేరుతో 1298 సీసీ ఇంజను, అయిదో గేరు వచ్చాయి. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది, 16 వాల్వులతో 80 హార్స్‌పవర్. ఏబీఎస్, క్రాష్ టెస్టు నిబంధనలు వచ్చాక 2019లో జనానికి అమ్మడం ఆపేశారు. ఆ తర్వాత కూడా సైన్యానికి మాత్రం ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చారు. ఈ మూడు దశాబ్దాల పైచిలుకు కాలంలో దాని ఎముకల గూడు మారలేదు: నిచ్చెన లాంటి చాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిల్ హౌసింగులు, నాలుగు కమాన్ కట్టలు, గేర్‌బాక్సుకు ఎడంగా విడిగా బిగించిన ట్రాన్స్‌ఫర్ కేసు. బరువు దాదాపు ఒక టన్ను. ఇంత తేలికైన, ఇంత సూటిగా విప్పి బిగించగల ఫోర్‌వీల్ డ్రైవ్ బండి మన రోడ్ల మీద ఇంకొకటి లేదని నా నమ్మకం.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మొదట ఎత్తేది దాన్నే. అయిదు తలుపుల జిమ్నీ 2023 జూన్‌లో వచ్చినప్పుడు దాని ఎక్స్‌షోరూం ధర 12.74 లక్షల దగ్గర మొదలైంది. అందులో 12 లక్షలు 9 శాతం వడ్డీకి, 5 ఏళ్ల కిస్తీల మీద తీసుకున్నారనుకోండి. నెలకు కిస్తీ సుమారు 24,900. అయిదేళ్లలో బ్యాంకుకు కట్టే వడ్డీ ఒక్కటే 2.95 లక్షల దాకా తేలుతుంది. ఇటు బండి విలువ చూడండి. ఇన్సూరెన్సు లెక్క ప్రకారమే నాలుగేళ్లు దాటిన బండికి 50 శాతం తరుగు తీసేస్తారు. అంటే వడ్డీ కడుతూ ఉండగానే సగం విలువ ఆవిరైపోతుంది. దీన్ని ఎవరూ డబ్బు తినడం అనరు. అదే మనిషి ఒక పాత జిప్సీకి బ్రేకులు, సీళ్లు, రేడియేటర్, కమాన్ కట్టల బుష్షులు వేయించి బిల్లు చేతిలో పట్టుకుంటే మాత్రం ఊరంతా జాలిపడుతుంది. రంగు, సీటు కవర్ల ముచ్చట పక్కన పెడితే, పాత బండిని భయం లేకుండా నడిపే స్థితికి తెచ్చే పని ఆ వడ్డీ సొమ్ములోనే చాలా వరకు అయిపోతుంది. పైగా పాత బండి ధర పడాల్సినంత ఎప్పుడో పడిపోయింది. బాగుచేసిన జిప్సీని మూడేళ్లు తిరిగి అమ్మితే, కొన్న ధరకి దగ్గరలోనే అడిగేవాళ్లు ఉంటారు. 2019 తర్వాత కొత్తవి రావడం ఆగిపోయాక ఈ గిరాకీ ఇంకా గట్టిపడింది.

“స్పేర్లు దొరకవు” అన్న మాట కొన్ని బండ్ల విషయంలో నిజం. తక్కువ సంఖ్యలో అమ్ముడై, కంపెనీయే దేశం వదిలిపోయిన ఎస్‌యూవీ కొంటే ఒక సెన్సార్ కోసం నెలలు ఎదురుచూడాల్సి రావచ్చు. ఆ అనుభవాన్ని తెచ్చి జిప్సీకి, మహీంద్రా జీపులకు అంటగట్టడం అన్యాయం. జిప్సీ 1.3 ఇంజను కుటుంబమే ఎస్టీమ్ కారులోనూ ఉంది, తర్వాత వర్సాలోనూ వచ్చింది. రింగులు, వాల్వులు, గ్యాస్కెట్లు, క్లచ్ పనివాళ్లకి కంఠతా తెలిసిన సరుకు. ఎంఎం 540 జీపులోని 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను సంగతీ అంతే. దాని హెడ్ విప్పని పాత మెకానిక్ కోస్తా జిల్లాల్లో దొరకడం కష్టం. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లండి, విశాఖ ఆటోనగర్‌కి వెళ్లండి. ఒక వీధిలో క్రౌన్ పినియన్ దొరుకుతుంది, పక్క వీధిలో దానికి షిమ్ములు వేసి సరిగ్గా కూర్చోబెట్టే మనిషి దొరుకుతాడు, ఆ పక్కన లేత్ మీద బుష్షు కోసి ఇచ్చే మేస్త్రి ఉంటాడు. కొత్త బండికి ఈ సదుపాయం లేదు. దాని హెడ్‌లైట్ పగిలితే మొత్తం అసెంబ్లీ మార్చాలి, గేర్‌బాక్సులో గొంతు మారితే స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి సంతలకు జనాన్ని, బస్తాలను దశాబ్దాలుగా మోసినవి పాత జీపులే. మోజు కోసం ఎవరూ వాటిని నడపలేదు. ఘాట్ మధ్యలో ఆగితే ఒక స్పానర్ల సెట్టుతో, కాస్త తీగతో మళ్లీ కదిలించగలమన్న ధీమా వల్ల నడిపారు.

ఇక అసలు విషయానికి వస్తాను. పాత బండి కొన్నవాళ్లలో చాలామంది నిజంగానే డబ్బు పోగొట్టుకున్నారు. వాళ్ల బాధ కట్టుకథ కాదు. కానీ వాళ్లు ఏ వరసలో ఖర్చుపెట్టారో అడిగి చూడండి. బండి వచ్చిన వారంలోనే పెద్ద టైర్లు. తర్వాత ఎత్తు పెంచడం. ఇనుప బంపరు, దాని మీద బారెడు ఎల్‌ఈడీ లైటు. మంచి రంగు. ఇదంతా అయ్యాక మొదటి వర్షాకాలంలో ఘాట్ రోడ్డు మీద బ్రేకు పెడల్ నేలకు ఆనుతుంది, లేదా రేడియేటర్ పొగలు కక్కుతుంది. అప్పుడు మళ్లీ అన్నీ విప్పాలి. అప్పుడు ఆ మనిషి పాత బండిని తిడతాడు. ఆ నిందలో బండికి భాగం లేదు.

పని ఎక్కడ మొదలవ్వాలి? నేల మీద, బండి కింద పడుకుని. జిప్సీకి ప్రాణాంతకమైన జబ్బు ఒక్కటే, చాసిస్ తుప్పు. ఇంజను పోతే ఇంకో ఇంజను వస్తుంది, గేర్‌బాక్సు పోతే ఇంకొకటి వస్తుంది. చాసిస్ పెట్టెలాంటి గొట్టం కాబట్టి లోపల బురద చేరి, ఆరక, లోపలి నుంచి తినేస్తుంది. వెనక అడ్డదూలం, కమాన్ కట్టల హ్యాంగర్లు అతికిన చోటు, ముందు స్టీరింగ్ బాక్సు బిగించే చోటు – ఈ మూడింటినీ చిన్న సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా శబ్దం వస్తే, లేదా స్క్రూడ్రైవర్ మొన దిగబడితే, ఆ బండి ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. పైన నిగనిగలాడే కొత్త రంగు ఉన్న బండిని మరీ అనుమానించాలి. పుట్టీ కింద ఏముందో అమ్మేవాడికి తెలుసు, మనకి తెలియదు. రంగు వెలిసి, లోపల గట్టిగా ఉన్న బండి దొరికితే అదృష్టం. సముద్రం గాలి తగిలే భీమిలి, కాకినాడ వైపు తిరిగిన బండి కంటే అనంతపురం, కర్నూలు వైపు ఎండలో తిరిగిన బండిని నేను ఎప్పుడూ ముందు చూస్తాను.

తర్వాత ఆపే పని. పాత బండి గురించి భయపెట్టేవాళ్లలో ఎవరూ బ్రేకు గొట్టాల ఊసెత్తరు. చక్రం దగ్గర ఉండే రబ్బరు గొట్టాలు ఏళ్లు గడిచేకొద్దీ లోపల ఉబ్బుతాయి, బయటికి బాగానే కనిపిస్తాయి. పెడల్ వదిలినా ఒత్తిడి వెనక్కి రాదు, ఒక చక్రం పట్టేసి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట వచ్చేలోపు పెడల్ మెత్తబడిందంటే కారణం తరచుగా ఇదే. మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, కొత్త ఆయిల్. దీనికయ్యే మొత్తం ఖర్చు రెండు పెద్ద టైర్ల ఖర్చుకి మించదు. దీన్ని ఫొటో తీసి ఎవరికీ చూపించలేం, అందుకే ఇది అందరికీ ఆఖరున గుర్తొస్తుంది.

ఆ తర్వాత ముందు హౌసింగు చివరలు. జిప్సీలో మెకానిక్‌ల కంటే యజమానులే ఎక్కువ నిర్లక్ష్యం చేసే చోటు ఇదే. హౌసింగు చివర బంతిలాంటి భాగం ఉంటుంది, దాని మీద నకిల్ తిరుగుతుంది, పైనా కిందా కింగ్‌పిన్ బేరింగులు, లోపల గ్రీజు, బయట సీళ్లు. లోపలి ఆయిల్ సీలు పోతే డిఫరెన్షియల్ ఆయిల్ గొట్టం గుండా వచ్చి గ్రీజును పలచన చేసి, బయటికి కారి, బ్రేకుల మీద పడుతుంది. బయటి సీలు పోతే వాగు దాటినప్పుడల్లా నీళ్లు, ఇసుక లోపలికి వెళ్తాయి. బేరింగులు అరిగితే అరవై దాటగానే ముందు చక్రాలు వణికి, స్టీరింగు చేతుల్లో కొట్టుకుంటుంది. ఇది చూసి “పాత బండి కదా, ఇంతే” అనుకుంటారు. ఇంతే కాదు. రెండు పక్కలా విప్పి, కడిగి, బేరింగులు, సీళ్లు మార్చి, సరైన బిగువు చూసి కట్టిస్తే అదే బండి నిటారుగా నడుస్తుంది. ఈ పని ఓపికగా చేసే మనిషిని వెతకడమే కష్టం. దొరికితే ఆయన అడిగిన కూలి బేరం లేకుండా ఇచ్చేయాలి.

వేడి సంగతి. మన మే నెలలో, లో రేంజ్‌లో, ఎదురుగాలి లేకుండా రాళ్ల దారి ఎక్కుతున్నప్పుడు రేడియేటర్‌కి నిజమైన పరీక్ష. పాత రేడియేటర్‌లో సగం గొట్టాలు ఉప్పునీళ్ల పొలుసుతో మూసుకుపోయి ఉంటాయి. కోర్ మార్పించి, బోరు నీళ్లు మానేసి కూలెంట్ పోస్తే, థర్మోస్టాట్ పీకి పారేయాల్సిన అవసరం రాదు. థర్మోస్టాట్ తీసేయమనే సలహా మన షెడ్డుల్లో బాగా వినిపిస్తుంది. అది ఇంజనుకు చేటు. ఇంజను తన పని వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ తొందరగా పాడవుతుంది.

లైట్ల విషయంలో చిన్న లెక్క చెప్పి ముందుకు వెళ్తాను. పాత వైరింగ్‌లో హెడ్‌లైట్ కరెంటు అంతా డాష్‌బోర్డు స్విచ్చు దాకా వెళ్లి తిరిగి వస్తుంది. అరిగిన స్విచ్చులో, తుప్పు పట్టిన కనెక్టర్లలో వోల్టేజీ పడిపోతుంది. ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. రెండు రిలేలు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా మంచి తీగ లాగి, గట్టి ఎర్త్ ఇస్తే, కంపెనీ బల్బే రోడ్డును పగల్లా చూపిస్తుంది. ఎదుటివాడి కళ్లు పోయేలా ఎల్‌ఈడీ బారు బిగించనక్కర్లేదు. నేను అప్‌గ్రేడ్ అనేది ఇలాంటి దాన్నే. కార్బురేటర్ బండికి పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్, ఎండి పగిలిన కమాన్ బుష్షుల బదులు కొత్తవి, ప్రతి సీటుకీ గట్టిగా బిగించిన బెల్టు. ఇవి చూడటానికి ఏమీ ఉండవు. బండి గుణమే మారిపోతుంది.

ఇప్పుడు నా వైపు ఉన్నవాళ్లతోనే పోట్లాడాలి. పాత బండ్లంటే ఇష్టపడే మనవాళ్లే ఆ బండ్లకు చెడ్డపేరు తెస్తున్నారు. జిప్సీలో హౌసింగు కమాన్ కట్ట పైన కూర్చుని ఉంటుంది. దాన్ని కట్ట కిందకి మార్చి బిగిస్తే బండి సుమారు అయిదు అంగుళాలు లేస్తుంది. చవకైన పని, ఒక్క రోజులో వెల్డింగ్‌తో అయిపోతుంది, బండి ఎద్దులా నిలబడుతుంది. దాని తర్వాత వచ్చేవి ఎవరూ చెప్పరు. స్టీరింగు రాడ్డు వాలు పెరిగి, గుంటలో పడినప్పుడల్లా చక్రం తనంతట తాను తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి జాయింట్ క్రాసులు త్వరగా పోతాయి. బ్రేకు గొట్టాలు చాలక లాగబడతాయి. అన్నిటికంటే ముఖ్యం, సన్నటి బండి బరువు మధ్యబిందువు పైకి లేస్తుంది. జిప్సీ తోబుట్టువైన సమురాయ్ మలుపుల్లో తేలికగా పల్టీ కొడుతుందని 1988లో అమెరికాలోని వినియోగదారుల సంస్థ పరీక్ష చేసి ప్రకటించింది. దాని మీద సుజుకీ కోర్టుకెళ్లింది, 2004లో రాజీతో ముగిసింది. ఆ పరీక్ష న్యాయమైందా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. ఎత్తు పెంచని బండి మీదే అంత వివాదం నడిచిందంటే, అయిదు అంగుళాలు లేపి బైపాస్ మీద తొంభైలో తోలేవాడు ఏమనుకుంటున్నాడో నాకు అర్థం కాదు.

టైర్ల లెక్కా చూడండి. జిప్సీకి కంపెనీ ఇచ్చినది 205/70 ఆర్15, దాని మొత్తం ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. మోజుగా వేసే 235/75 ఆర్15 సుమారు 733. నేలకూ బండికీ మధ్య దక్కే అదనపు ఖాళీ 33 మిల్లీమీటర్లు, అంటే రెండు వేళ్ల మందం. దానికి బదులు ఇచ్చేది ఏమిటి? ప్రతి గేరూ దాదాపు 10 శాతం బరువెక్కుతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో ఉంటుంది. ఎనభై హార్స్‌పవర్ బండికి, అందులోనూ పాత 970 సీసీ బండికి ఇది చిన్న భారం కాదు. ఎక్కలేకపోతోందని ఇంకో ఇంజను వేయిస్తారు. ఇంజను వేడెక్కుతోందని ఇంకో రేడియేటర్. డబ్బు తినడం ఇక్కడ మొదలైంది, పాతదనంలో కాదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా, తయారీదారు చెప్పినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. ఆర్‌సీలో ఎక్కించకుండా ఇంజను మార్చి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ ముందు ఏ కాగితం పెడతారు? పాత నంబరు కాగితానికి కొత్త రేకు, కొత్త చాసిస్ అతికించి అమ్మే జీపులు కూడా ఉన్నాయి. వాటిని బాగుచేసిన పాత బండ్లని పిలవడం నిజంగా బాగుచేసేవాళ్లను అవమానించడమే. చాసిస్ నంబరు చేత్తో తడిమి, ఆర్‌సీతో సరిచూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

భద్రత గురించి ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. జిప్సీలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, ఎంత పెట్టినా రావు. అందుకే దాని అమ్మకం ఆగింది. నలుగురు పిల్లలను ఎక్కించుకుని హైదరాబాద్ – విజయవాడ హైవే మీద రాత్రిపూట పరుగెత్తడానికి అది తగిన బండి కాదు, ఆ పని కోసం ఎవరైనా కొంటానంటే నేనే వద్దంటాను. కానీ మనం మాట్లాడుతున్నది ఆ పని కాదు. తోటకు వెళ్లే మట్టి దారి, వాగు దాటే గూడెం దారి, నెలకు నాలుగుసార్లు ఎక్కే కొండ. ఆ దారుల్లో వేగం ఇరవై, ముప్ఫై. అక్కడ కాపాడేది తేలికైన బరువు, లో రేంజ్, సరిగ్గా పట్టే బ్రేకులు. ఒక పనికి సరిపోని బండి ఏ పనికీ సరిపోదని తీర్పు చెప్పడమే ఈ వాదనలోని లోపం.

మిగిలింది ప్రభుత్వం తుక్కు చేస్తుందన్న భయం. 10 ఏళ్ల డీజిల్, 15 ఏళ్ల పెట్రోల్ బండ్ల మీద నిషేధం వచ్చింది ఢిల్లీ పరిసర ప్రాంతానికి, మనకు కాదు. 2021లో వచ్చిన తుక్కు విధానంలో సొంత బండికి వయసు ఒక్కటే మరణశాసనం కాదు. ఫిట్‌నెస్ పరీక్ష తప్పితేనే దాని పని అయిపోతుంది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటగానే రిజిస్ట్రేషన్ రద్దవుతున్నవి ప్రభుత్వ శాఖల వాహనాలు. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత అయిదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి కారుకు ఆ ఫీజు 600 నుంచి 5,000కు పెంచారు, దాని మీద గ్రీన్ ట్యాక్స్. నా అభ్యంతరం ఇక్కడే. నల్లటి పొగ కక్కే బండి, అది మూడేళ్లదైనా, రోడ్డు మీద ఉండకూడదు. నూనె తాగే ఇంజనుకు బోరు కొట్టించి రింగులు మార్చిన ముప్ఫై ఏళ్ల జిప్సీకి, నెలకు రెండొందల కిలోమీటర్లు తిరిగేదానికి, వయసు పేరు మీద జరిమానా ఎందుకు? ఆ ఫీజు తీసుకోండి, ఇబ్బంది లేదు. దానికి బదులుగా నిజమైన పరీక్ష చేయండి. బండిని లిఫ్టు మీద ఎక్కించి చాసిస్‌ను సుత్తితో తట్టండి, రోలర్ మీద నాలుగు చక్రాల బ్రేకు విడివిడిగా కొలవండి, నకిల్ పట్టుకుని ఊపి ఆట చూడండి, పొగ కొలవండి, ఎత్తు టేపుతో కొలిచి కంపెనీ కొలతతో పోల్చండి. తప్పినదాన్ని, అది ఎవరిదైనా, తుక్కుకు పంపండి. నెగ్గినదానికి అయిదేళ్ల కాగితం ఇచ్చి పంపించండి.